గడ్డం దగ్గర ఆగిన చూపు

పాలు కాచే వేళకి బెగిమై గొంతులో ఈల మొదలైంది.

ముందు రోజు సాయంత్రం నుంచీ దగ్గుతూనే ఉంది. పిల్ల దగ్గులా లేదది. మా మంద కుక్క అవతలి గట్టు మీద నుంచి మొరిగినట్టుంది. అప్పటికింకా నాకు భయం వెయ్యలేదని రాస్తే అబద్ధం అవుతుంది. నేను దేనికైనా భయపడతాను. గాలికి గుడారం పైనున్న ఉన్ని తెర కొట్టుకుంటే భయం, పిల్ల ఎక్కువసేపు పడుకుంటే భయం, తొందరగా లేచినా భయమే. అందుకే మా అత్తమ్మ నా భయాలని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో మానేసింది.

"నీ కూతురు తుమ్మితే నీకు క్షయ కనపడుద్ది, కక్కితే విషం కనపడుద్ది," అంది గొర్రె తోక కొవ్వు కరిగిస్తూ. "ఈ కొండ మీదే ఐదుగుర్ని పెంచాను. అందరికీ దగ్గొచ్చింది, అందరికీ పోయింది. ఇటివ్వు దాన్ని."

కొవ్వు పిల్ల ఛాతీకి రాసింది. మాచిపత్రి లాంటి చేదాకు ఉడికించి ఆవిరి పట్టింది. బెగిమై ఊరుకుంది. దానికి మూడున్నరేళ్ళు. ఎవరేం చేసినా ఊరుకునే పిల్ల. కళ్ళు దించుకుని కూచుంటుంది. మా గుడారానికి వచ్చినవాళ్ళంతా "ఇప్పటి నుంచే ఎంత పద్ధతో చూడండి, ఏ ఇంటి అదృష్టమో!" అని దాని బుగ్గలు పుణుకుతారు. ఆడుకునేటప్పుడు కూడా నా పాత రుమాలు నెత్తిన కప్పుకుని, రెండు చేతులూ కుడి మోకాలి మీద పెట్టి, రాళ్ళకి వంగి వంగి దణ్ణాలు పెడుతుంది. దానికి ఎవరూ నేర్పలేదు. నన్ను చూస్తోంది, అంతే.

మా పద్ధతి సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతి సగంలో ఉండగా నన్ను ఈ ఇంటికి కోడలిగా తీసుకొచ్చారు. బడిలో ఉన్నన్నాళ్ళూ అందరికంటే ముందు చెయ్యెత్తేదాన్ని నేను. ఇక్కడికొచ్చాక మెడ ఎలా వంచాలో నేర్చుకున్నాను. పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు వెనక్కి అడుగులు వేస్తూ వెళ్ళాలి. తలుపు పక్కన, టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర కూర్చోవాలి. టీ పియాలా గిన్నెలో సగానికే పొయ్యాలి, ఎడమ చెయ్యి గుండెకి ఆనించి అందించాలి. మామగారి మొహంలోకి చూడకూడదు. మామగారి పేరు పలకకూడదు. ఆ పేరు ఇక్కడ రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. పలకనిది రాయడం కూడా చేతకాదనుకుంటాను.

మామయ్య చెడ్డవాడేం కాదు. గుడారంలోకి వచ్చే ముందు బయటే నిలబడి రెండుసార్లు దగ్గుతాడు, నేను రుమాలు సర్దుకోడానికి. ఆరేళ్ళుగా ఆ దగ్గు వింటున్నాను. ఆయన బూట్లు తెలుసు నాకు, ఎడమ బూటు మడమ అరిగి ఉంటుంది. చేతులు తెలుసు, కొరడా పిడి తెలుసు, తెల్లగడ్డం చివర తెలుసు. గడ్డానికి పైన ఉన్న మనిషి నాకు తెలియదు. ఆయన కళ్ళు ఏ రంగో ఎవరైనా అడిగితే చెప్పలేను.

మధ్యాహ్నానికి బెగిమై ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోవడం మొదలైంది. పడుకోబెడితే ఈల పెరుగుతోంది. ఎత్తుకుని నిలబెడితే కాస్త తగ్గుతోంది. అత్తమ్మ ఎత్తుకోబోతే ఏడ్చింది, ఏడవగానే ఊపిరి ఆడక పెదాలు నీలంగా అయ్యాయి. అత్తమ్మ పిల్లని గబుక్కున నా ఒళ్ళో పెట్టేసింది. ఆవిడ మొహంలో హేళన పోయింది. ఆవిడ తిడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేదని అప్పుడు తెలిసింది.

బయట రెండుసార్లు దగ్గు వినిపించింది.

మామయ్య లోపలికొచ్చి, తలుపుకి ఎదురుగా పెద్దలు కూచునే పైచోట కూచున్నాడు. పిల్లని చూశాడు.

"ఏటి అవతల బేకోవాళ్ళ జీపుంది," అన్నాడు చివరికి. "అది ఎక్కితే చీకటి పడేలోపే వైద్య కేంద్రానికి చేరొచ్చు. కానీ ఏరు..."

ఏరు సంగతి అందరికీ తెలుసు. పోయిన వరదకి దుంగల వంతెన కొట్టుకుపోయింది. మా ఆయన మెదెర్ గుర్రం లేకుండా గడ్డి కోతకి కిందకి వెళ్ళి అవతలే చిక్కుకుపోయాడు. పొద్దున పూట ఏరు గుర్రం మోకాలిదాకా ఉంటుంది. ఎండెక్కి పైన మంచు కరిగేకొద్దీ లేస్తుంది. మధ్యాహ్నం దాటితే జీను తాకుతుంది.

"రేపు తెల్లారుజామున దిగుతాం," అన్నాడు మామయ్య. "నీళ్ళు తగ్గుతాయి. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు."

"అవునవును, రాత్రికి నేను మళ్ళీ ఆవిరి పడతాను," అంది అత్తమ్మ, కానీ గొంతులో బలం లేదు.

ఈ రాత్రి గడవదు. ఆ మాట నా నోట్లోనే ఉంది. నాలుక మీద ఉంది. ఒక చేత్తో పిల్లని భుజానికి ఆనించుకున్నాను, ఇంకో చెయ్యి అలవాటుగా సమోవార్ దగ్గరికి పోయింది. మామయ్య వచ్చాడు, టీ పొయ్యాలి. మాట పైకి తెద్దామని గాలి పీల్చుకుంటాను, భుజాలు ముందుకి ముడుచుకుంటాయి, గాలి అలాగే బయటకి పోతుంది. మెడ వంగాక గొంతులో మాటకి చోటుండదు. బెగిమై ఈల నా చెవి పక్కనే. నేను టీ పోస్తున్నాను.

"ఒసే!" అంది అత్తమ్మ.

పియాలా అంచుదాకా నిండింది. పొంగి నా వేళ్ళ మీద పడుతోంది. నాకు కాలిన సంగతి కూడా తెలియలేదు.

మాలో పియాలా నిండా పోసి ఇచ్చామంటే ఇక లేచి బయల్దేరమని. చుట్టానికే అలా పొయ్యం. ఇంటి పెద్దకి, ఆయన గుడారంలోనే, కోడలు పొయ్యడమా! వెనక్కి తీసుకుందామంటే చెయ్యి రావడం లేదు, ఇద్దామంటే రావడం లేదు. టీ అంచున వణుకుతోంది.

మామయ్య చెయ్యి వచ్చి పియాలా అందుకుంది. ఒక్క చుక్క ఒలకకుండా అందుకుంది. తాగలేదు. కాసేపు దాని వంకే చూస్తున్నట్టున్నాడు.

"కోడలు నిండా పోసింది," అన్నాడు. "ఇంక లేవాలి."

"నీకు మతి పోయిందా? ఈ వేళప్పుడు ఏట్లోనా?" అత్తమ్మ అరిచింది. "దానికి భయం ఎక్కువై చెయ్యి తడబడింది, నువ్వేమో..."

"ఆరేళ్ళల్లో ఈ చెయ్యి ఎప్పుడైనా తడబడిందా?" అన్నాడాయన. పియాలా కింద పెట్టి లేచాడు. "కూలాకి జీను వేస్తున్నా. పిల్లకి ఉన్ని చుట్టు."

కూలా మా ముసలి ఆడగుర్రం. ఎండిన గడ్డి రంగు. ఎవరెక్కినా ఒకేలా నడుస్తుందని పేరు.

ఏరు కనపడకముందే వినపడింది. వాలులో దిగుతున్నంతసేపూ ఆ హోరు పెరుగుతూ వచ్చి బెగిమై ఈలని మింగేసింది. అది వినపడకపోతే నాకు ఇంకా భయం. మాటిమాటికీ దాని మొహం దగ్గర చెంప పెట్టి వేడి తగులుతోందో లేదో చూసుకుంటున్నాను. బయల్దేరేటప్పుడే పిల్లని నా ముందు జీను మీద, వీపు నా పొట్టకి ఆనేలా కూర్చోబెట్టి, శాలువాతో ఇద్దర్నీ కలిపి కట్టింది అత్తమ్మ. కడుతున్నప్పుడు ఆవిడ నన్ను తిట్టలేదు. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్క ఒకటి నా జేబులో కుక్కింది, తినే వేళా అది?

ఒడ్డుకొచ్చాం. నీళ్ళు బూడిద కలిపినట్టున్నాయి. అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు పైకి తెలుస్తోంది.

"విను కోడలా," అన్నాడు మామయ్య, తన గుర్రాన్ని నా పక్కకి తెచ్చి. "కింద కంకర గట్టు ఒకటుంది. ఒక్క గుర్రం వెడల్పు. పక్కపక్కన పోలేం. తాడు కట్టి లాగితే ఒకటి పడితే రెండోదీ పడుద్ది. నేను ముందు పోయి దారి చూస్తా. అవతల నిలబడ్డాక నువ్వు సూటిగా నా మీదికి రా."

నేను తలూపాను.

"నీళ్ళని చూడకు. నీళ్ళని చూస్తే తల తిరుగుద్ది, నీకు తెలీకుండానే ఒళ్ళు వాలుద్ది. నువ్వెటు వాలితే గుర్రం అటు అడుగేస్తుంది. దాని తప్పు కాదు, దానికి నీ నడుమే కళ్ళెం. నన్ను చూడు. తెలిసిందా?"

మళ్ళీ తలూపాను. ఆయన చెప్పినంతసేపూ నేను చూస్తున్నది ఆయన బూటుని, రికాబులో అరిగిన ఎడమ మడమని.

"పిల్లని నాకిస్తావా?"

ఆ మాటకి బెగిమై చేతులు నా చేతిని పట్టుకున్నాయి, ఏడుపు మొదలవబోయింది. "వద్దు మామయ్యా," అన్నాను. అంత సూటిగా ఆయనతో అన్న మొదటి మాట అదేనేమో.

ఆయన ఏట్లోకి దిగాడు. ఆయన గుర్రం మగది, బలమైనది. అయినా నడి ఏట్లో ఒకసారి దాని వెనక కాళ్ళు జారాయి. నీళ్ళు జీను దాకా లేచాయి. ఆయన కదల్లేదు. నాటిన గుంజలా కూచున్నాడు. గుర్రం సర్దుకుని ఒడ్డెక్కింది. వెనక్కి తిప్పి చెయ్యెత్తాడు.

నా వంతు.

కూలా నీళ్ళల్లోకి దిగింది. మొదట బాగానే ఉంది. చలి బూట్లలోకి వచ్చింది, మోకాళ్ళకి వచ్చింది. నేను ఆయన చెప్పినట్టే చేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ అవతల నిలబడింది మామయ్య. నా మెడకి తెలిసింది ఒకటే. ఆయన ఎదురుగా ఉంటే అది వంగుతుంది. నేను వంచలేదు, అదే వంగింది. చూపు కూలా చెవుల మీద నుంచి జూలు మీదికి, జూలు మీద నుంచి నీళ్ళల్లోకి జారింది.

అంతే. నీళ్ళు పారడం ఆగిపోయింది. పారుతున్నది మేము. గుర్రం, నేను, పిల్ల పక్కకి కొట్టుకుపోతున్నాం. ఒడ్డు పరిగెడుతోంది. పడిపోకుండా ఉందామని నేను రెండో వైపు వాలాను. కూలా నన్ను నమ్మి అటే అడుగేసింది. కంకర అయిపోయింది. ఒక్కసారిగా నీళ్ళు నా తొడల మీదికి వచ్చాయి.

నా తల ఎటుంటే బెగిమై తల కూడా అటే. అదీ నీళ్ళని చూసింది. నా పొట్టకి ఆనిన దాని వీపు కొయ్యలా బిగుసుకుపోయింది. నోరు తెరిచింది. ఏడుపు రాలేదు, ఊపిరీ రాలేదు. గొంతు కింద గుంట లోపలికి పోయి అలాగే ఉండిపోయింది.

"నన్ను చూడూ!" అవతలి నుంచి అరుపు.

ఎత్తాను. బూట్లు. కొరడా పట్టుకున్న చెయ్యి. గుండీలు. తెల్లగడ్డం. అక్కడ నా చూపు ఆగిపోయింది. అక్కడో గోడ ఉన్నట్టు ఆగి, మళ్ళీ కిందకి జారడం మొదలైంది.

"గడ్డాన్ని కాదే పిచ్చిమొద్దూ! మొహంలోకి! నా మొహంలోకి చూడు!"

రాదు. రావడం లేదు మామయ్యా అని అరవాలనిపించింది. గుర్రం అడుగు కోసం వెతుక్కుంటూ గుండ్రంగా తిరగబోతోంది.

అప్పుడాయన కల్పక్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. మా మగవాళ్ళు ఆ టోపీని నేల మీద పెట్టరు. రికాబుల మీద లేచి నిలబడ్డాడు.

"ఈ పూటకి నేను నీ మామని కాను! బండరాయిని! బండని చూడ్డానికి కూడా సిగ్గేనా నీకు? చూడవే! మనవరాలు పోతే ఆ వంచిన మెడ పెట్టుకుని ఏం చేసుకుంటావ్!"

తిట్టుకి లేచిందో, టోపీకి లేచిందో తెలియదు. తల లేచింది. గడ్డం దాటింది. ముక్కు, చలికి పగిలిన బుగ్గలు, తెల్లటి కనుబొమలు, వాటి కింద కళ్ళు. ఎప్పుడూ చూడని మనిషి అక్కడున్నాడు. ఆ మనిషి వణుకుతున్నాడు. నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు.

ఆ కళ్ళని పట్టుకున్నాను. చేత్తో పట్టుకున్నట్టే. తల లేచేసరికి మెడ నిలబడింది, మెడ వెనకాలే వెన్ను నిలబడింది, ముడుచుకున్న భుజాలు వెనక్కి వెళ్ళాయి. పొద్దుటి నుంచి తీసుకోని ఊపిరంతా ఒక్కసారి పొట్టలోకి దిగింది. నేను నిటారుగా అయ్యేసరికి శాలువాతో కట్టిన బెగిమై కూడా నాతో పాటు లేచింది. దాని తల వెనక్కి వచ్చి నా ఛాతీకి ఆనింది, గడ్డం పైకి లేచింది. నేను ఊపిరి పీల్చాను. దాని వీపు కింద నా పొట్ట ఉబ్బింది. మళ్ళీ పీల్చాను. మూడోసారికో నాలుగోసారికో దాని గొంతులో ఈల తిరిగొచ్చింది. జీవితంలో నేను విన్న మంచి చప్పుడు అదే.

"తాతని చూడు తల్లీ," అన్నాను. "తాత కళ్ళల్లోకి చూడు. మనం తాత దగ్గరికి పోతున్నాం."

నా నడుము సూటిగా ఉందని కూలాకి ఎప్పుడు తెలిసిందో. ఒక కాలు దొరికింది. రెండోది దొరికింది. నీళ్ళు తొడల నుంచి మోకాళ్ళకి దిగాయి. ఒక కెరటం పక్క నుంచి కొట్టి నా రుమాలు ఊడిపోయింది. జుట్టు మొహం మీద పడింది. నేను రెప్ప వెయ్యలేదు.

ఒడ్డు తగిలింది.

కూలా ఆగగానే నా మెడ మళ్ళీ వంగింది, చెయ్యి నెత్తి మీదికి పోయింది. రుమాలు లేదు. మామగారి ఎదుట తడి జుట్టుతో, ఒట్టి తలతో ఉన్నాను. దాచుకోడానికి ఏమీ లేదు. కంగారుతో పిల్ల శాలువా అంచు లాక్కోబోయాను.

అటు పక్క నుంచి రెండుసార్లు దగ్గు వినిపించింది.

ఎప్పుడో వీపు తిప్పేసుకున్నాడు. అలా వీపు చూపిస్తూనే తన చాపన్ విప్పి వెనక్కి చాచాడు. పొడవైన కోటది, పొగాకు, గొర్రెల వాసన. నెత్తి మీదుగా కప్పుకున్నాను. పిల్ల కూడా దాంట్లో పట్టేసింది.

"కప్పుకున్నావా?"

"ఆఁ."

"అయితే పద. బేకో ఆ జీపుని స్టార్ట్ చెయ్యడానికే సగం పొద్దు చేస్తాడు."

జీపులో దారంతా పిల్లని నిలబెట్టినట్టే పట్టుకుని కూచున్నాను, కిటికీ తీయించి. చల్లగాలికి ఈల కాస్త తగ్గింది. ఏడవనివ్వలేదు. ఏడుపొస్తుందనిపించినప్పుడల్లా నేనే పెద్దగా ఊపిరి తీశాను, అదీ తీసింది. వైద్య కేంద్రం నర్సు రహత్ అక్క చూసిన వెంటనే సూది వేసింది, మొహానికి పొగలాంటి మందు వచ్చే గొట్టం పెట్టింది. మెదెర్ కబురంది గడ్డి కోత నుంచి చెమటకి తడిసిన బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే కూలబడి కొడవలి చేతిలో ఉన్న సంగతే మర్చిపోయి ఏడ్చాడు.

"రాత్రంతా ఉంచుంటే నేను మాత్రం ఏం చెయ్యగలను?" అంది రహత్ అక్క చేతులు కడుక్కుంటూ. "పడుకోబెట్టకుండా, ఏడిపించకుండా తెచ్చారు, అదే నయం. ఎవరు చెప్పారమ్మా నీకు?"

నేను నేల చూస్తున్నాను. ఎవరూ చెప్పలేదక్కా అనాలి. రాలేదు.

"దానికి ఎవరు చెప్పాలి?" అన్నాడు మామయ్య తలుపు దగ్గర నుంచి. "తల్లి."

పొద్దున్నే ఈల లేదు. బెగిమై ఆకలన్నది. జేబులో అత్తమ్మ పెట్టిన బోర్సోక్ తడిసి ముద్దయి ఉంది, దాన్నే తింది. మెదెర్ ఎక్కడి నుంచో టీ కెటిల్ తెచ్చాడు. నా చెయ్యి తనంతట తాను కెటిల్ అందుకుంది, సగం పియాలా పోసింది, ఎడమ చెయ్యి గుండెకి ఆనింది. ఏరు దాటితే అన్నీ మారిపోతాయని నేనేం అనుకోలేదు. మోకాళ్ళు మాత్రం ఎందుకో నొప్పిగా ఉన్నాయి. అంత గట్టిగా బిగించానన్నమాట.

బెగిమై తాత ఒళ్ళో కూచుని తల పైకెత్తి ఆయన మొహంలోకి చూస్తోంది. రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నిన్నటిదాకా ఎవరి మొహంలోకీ అలా చూసేది కాదు.

"తాతా, నీ కళ్ళు పచ్చగా ఉన్నాయేంటి? మేక కళ్ళలా?"

"ఏయ్," అన్నాడు మెదెర్ కంగారుగా. "పెద్దవాళ్ళ మొహంలోకి అలా..."

"పచ్చవి కావు," అన్నాను నేను. "బూడిద రంగు. ఎడమ దాంట్లో చిన్న గోధుమ మచ్చ ఉంది."

మెదెర్ నన్ను చూశాడు, వాళ్ళ నాన్నని చూశాడు. నా చూపు మళ్ళీ ఆ అరిగిన మడమ దగ్గరే ఉంది, చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

మామయ్య రెండుసార్లు దగ్గాడు. తలుపు బయటా కాదు, గుడారమూ కాదు, రుమాలు సర్దుకోవాల్సిన పనీ లేదు. తర్వాత ఖాళీ పియాలా నా వైపు జరిపాడు.

"సగమే పొయ్యమ్మా," అన్నాడు. "ఇప్పుడేం తొందర లేదు."